పెనాల్టీ తప్పినా మళ్ళీ వెళ్ళి నిలబడ్డవాడు: లూకా మోద్రిచ్ మీద ఒక చర్చ

ఎర్రనీరు (రావులపాలెం)

ఈ వేదికలో ఫుట్‌బాల్ మాట ఎప్పుడు వచ్చినా అది మెస్సీ దగ్గర మొదలై రొనాల్డో దగ్గర ముగుస్తుంది. నడుమ ఒకసారి ఎంబాపే పేరు వినిపిస్తుంది. ముగ్గురూ గోల్ కొట్టేవాళ్ళే. గోల్‌కు ముందు జరిగే పని గురించి, ఆ పని చేసేవాడే జట్టుకు నాయకుడు కూడా అయితే అతని మీద పడే బరువు గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. అందుకని క్రొయేషియా కెప్టెన్, మిడ్‌ఫీల్డర్ (మైదానం నడుమ ఉండి బంతిని ముందుకు అందించేవాడు) లూకా మోద్రిచ్ మీద ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా వరకు అతన్ని తెలుసుకోవడానికి ఒక్క రాత్రి చాలు. 2018 ప్రపంచకప్‌లో జులై 1న డెన్మార్క్‌తో జరిగిన మ్యాచ్ మనకు రాత్రి పదకొండున్నరకు మొదలైంది. నాలుగు నిమిషాలు తిరక్కుండానే చెరొక గోల్ పడింది. ఆ తరువాత రెండు గంటలపాటు ఏమీ తేలలేదు. తెల్లవారుజామున రెండు కావస్తుండగా, అదనపు సమయం చివర్లో మోద్రిచ్ డెన్మార్క్ రక్షణవరుసను చీల్చుకుంటూ ఒక పాస్ ఇచ్చాడు. దాన్ని అందుకున్న సహచరుడు రెబిచ్‌ను, అతను గోల్‌కీపర్‌ను కూడా దాటిపోయాక వెనకనుంచి పడగొట్టారు. పెనాల్టీ (గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుండే కిక్) తానే కొడతానని కెప్టెన్ ముందుకు వచ్చాడు. బంతిని డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకెల్ ఒడిసిపట్టుకున్నాడు. తానే సృష్టించిన అవకాశాన్ని తానే పోగొట్టుకోవడమంటే అదే. కొద్ది నిమిషాల తరువాత, సమంగా ముగిసిన ఆటను చెరో అయిదు పెనాల్టీలతో తేల్చే షూటౌట్ మొదలైతే, అదే గోల్‌కీపర్ ఎదుటికి అదే మనిషి మూడో కిక్ కొట్టడానికి మళ్ళీ నడిచి వెళ్ళాడు. ఈసారి బంతి లోపల పడింది. క్రొయేషియా గోల్‌కీపర్ సుబషిచ్ మూడు కిక్‌లు ఆపాడు, రాకిటిచ్ ఆఖరిది కొట్టాడు, క్రొయేషియా 3-2తో గట్టెక్కింది.

కెప్టెన్‌గా అతని గొప్పతనం ఏమిటని ఎవరైనా అడిగితే, ఫైనల్‌ను గానీ, ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా అందుకున్న బాలన్ డోర్‌ను గానీ కాదు, ఆ రెండు కిక్‌ల మధ్య గడిచిన నిమిషాలనే నేను చూపిస్తాను. ఒప్పుకునేవారు ఒప్పుకోండి, కాదనేవారు కారణం చెప్పండి.

పాలకొల్లు లెక్కలు

చర్చకు ముందు ఒక అంకె పెడతాను, ఎందుకంటే అది లేకుండా ఈ జట్టు స్థాయి అర్థం కాదు. 2021 జనగణన ప్రకారం క్రొయేషియా జనాభా సుమారు 38.7 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 39.37 లక్షలు. అంటే ఏలూరు నుంచి నరసాపురం దాకా ఉన్న జనం ఒక దేశమై, ఒక జట్టును పంపి, 1998లో మూడో స్థానం, 2018లో రెండో స్థానం, 2022లో మళ్ళీ మూడో స్థానం తెచ్చుకున్నట్టు లెక్క. ఈ మూడింటిలో చివరి రెండుసార్లూ కెప్టెన్ మోద్రిచే.

అతని తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2006 మార్చి 1న, స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో అర్జెంటీనా మీద. 2016 యూరో (యూరప్ దేశాల కప్) తరువాత అప్పటి కెప్టెన్ స్ర్నా తప్పుకోవడంతో నాయకత్వం ఇతనికి వచ్చింది. స్ర్నా ఆడిన 134 మ్యాచ్‌ల రికార్డును 2021 మార్చిలో సైప్రస్ మీద దాటాడు. ఇప్పుడు ఆ సంఖ్య 190 కూడా దాటింది. గోల్స్ మాత్రం 30కి చేరలేదు. ఈ చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి, ఎర్రనీరు గారు ఈ చర్చ ఎందుకు మొదలుపెట్టారో తెలుస్తుంది.

పాత పీఈటీ (అమలాపురం)

ముప్పై ఏళ్ళు పిల్లలను ఆడించినవాడిగా నాకు డెన్మార్క్ మ్యాచ్ కంటే ముందటి కథే ముఖ్యమనిపిస్తుంది. మోద్రిచ్ పుట్టింది 1985 సెప్టెంబరు 9న, ఏడ్రియాటిక్ తీరపట్టణం జాదర్‌లో. పసితనమంతా వెలెబిత్ కొండల కింద, తాతగారి ఊళ్ళో, మేకల వెంట గడిచింది. 1991 డిసెంబరులో, యుగోస్లావియా విడిపోతున్నప్పటి యుద్ధంలో, తిరుగుబాటు సెర్బు సాయుధులు ఆ తాతను కాల్చిచంపారు. మనవడికి పెట్టిన పేరు ఆ తాత పేరే. ఇల్లు విడిచిన కుటుంబం జాదర్‌లో శరణార్థులకు కేటాయించిన హోటల్ గదుల్లో ఏళ్ళ తరబడి తలదాచుకుంది. తండ్రి సైన్యంలో చేరాడు, తల్లి బట్టల పరిశ్రమలో పనిచేసింది. పట్టణం మీద గుళ్ళు పడుతున్న ఆ రోజుల్లో పిల్లవాడు బంతి ఆడింది ఆ హోటల్ ముందు కార్లు నిలిపే జాగాలో.

ఇక నేను చెప్పదలచుకున్నది. తీరప్రాంతంలో ప్రతి పిల్లవాడూ కలలు కనే క్లబ్ హైదుక్ స్ప్లిట్. వాళ్ళు ఇతన్ని చూసి, మరీ చిన్నగా, బలహీనంగా ఉన్నాడని వెనక్కి పంపారు. జాదర్ క్లబ్‌లో బషిచ్ అనే శిక్షకుడు మాత్రం వదిలిపెట్టలేదు. అతను పట్టుబట్టి నిలబెట్టినందువల్లనే పదహారేళ్ళకు రాజధాని క్లబ్ దీనామో జాగ్రెబ్ తలుపు తెరుచుకుంది. అక్కడ కూడా నేరుగా ఆడనివ్వలేదు, అరువు మీద బోస్నియాలోని మోస్తార్‌కు పంపారు. అక్కడి లీగ్ ఎంత మొరటుదో ఆ రోజుల్లో యూరప్ అంతటికీ తెలుసు. పద్దెనిమిదేళ్ళ బక్కపలచని కుర్రవాడు అక్కడ ఆ ఏడాది ఉత్తమ ఆటగాడిగా తిరిగివచ్చాడు. ఇప్పటికీ అతని ఎత్తు 172 సెంటీమీటర్లే.

ఎన్నో ఏళ్ళ క్రితం నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. కొబ్బరితోటలో, చెట్ల మధ్య ఆడి నేర్చుకున్నవాడు కనుక, ఎదుట మనిషి ఉన్నా చెట్టు ఉన్నా ఒక్కలాగే తప్పించుకుపోయేవాడు. ఎంపికలకు తీసుకువెళితే అక్కడి పెద్దమనిషి అతన్ని ఆడించకముందే గోడకు ఆనించి కొలిచి, "ఈ ఎత్తుతో ఏం చేస్తాడండి" అన్నారు. ఆ కొలత దగ్గరే ఆ పిల్లవాడి ఆట ఆగిపోయింది. బషిచ్ లాగా నేను పట్టుబట్టలేదు. ఈ విషయం నేను తరచుగా తలచుకుంటాను.

శివారు రైతు (నరసాపురం దగ్గర)

నమస్కారం. నేను ఫుట్‌బాల్ పెద్దగా చూసేవాడిని కాదు, మా మనవడు చూస్తుంటే పక్కన కూర్చునేవాడిని. అయినా ఈ మిడ్‌ఫీల్డర్ అనేవాడు చేసే పని నాకు మీ అందరి కంటే బాగా తెలుసునని అనిపిస్తోంది, ఎందుకంటే మాది కాలువ చివరి భూమి. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు నిలిచినా, నడుమ తూముల దగ్గర తలుపు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ఎరిగిన లస్కరు లేకపోతే మా బోదెలోకి చుక్క రాదు. ఎగువవాడు అడిగాడని ముందే వదిలేస్తే కింద ఎండుతుంది, భయపడి బిగబట్టితే పైన గట్టు తెగుతుంది. పంట పండితే పేరు రైతుది, ఎండితే తిట్లు లస్కరుకు. మీరు చెబుతున్న మోద్రిచ్ ఆ లస్కరేనా?

తెల్లచొక్కా (కాకినాడ)

బాబాయిగారూ, మీ పోలిక సగం దూరం సరిగ్గా నడిచింది. మిగతా సగం నేను నడిపిస్తాను, నేను పదిహేనేళ్ళుగా స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ మనిషిని.

లస్కరు తూము దగ్గరే ఉంటాడు, మోద్రిచ్ ఉండడు. 2008లో దీనామో నుంచి ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌కు వెళ్ళినప్పుడు అతన్ని చాలాకాలం ఎడమ అంచున ఆడించారు. అతను మధ్యలోకి వచ్చాకే ఆ జట్టు తీరు మారి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ మేటి క్లబ్‌ల పోటీ) దాకా వెళ్ళింది. 2012లో మాడ్రిడ్‌కు వచ్చాడు. వచ్చిన నాలుగు నెలలకే అక్కడి క్రీడాపత్రిక ఒకటి పాఠకులను అడిగితే, ఆ ఏడాది స్పెయిన్‌లో అత్యంత పనికిమాలిన కొనుగోలు ఇతనేనని ఓట్లు వేశారు. ఆ ఓటు వేసినవాళ్ళలో నేనైతే లేను గానీ, అప్పట్లో అడిగి ఉంటే వేసేవాడినేమో.

తరువాత కాసిమీరో వెనక కాపలా, క్రూస్ ఎడమవైపు, మోద్రిచ్ కుడివైపు. ఈ ముగ్గురి అమరిక కుదిరాక 2016, 2017, 2018 ఛాంపియన్స్ లీగ్‌లు వరుసగా వచ్చాయి. క్రూస్ పాస్ గీత గీసినట్టు ఉంటుంది. మోద్రిచ్ బంతి అందుకోకముందే భుజం మీదుగా రెండు వైపులా చూసుకుంటాడు, తనను మూసేయడానికి వస్తున్నవాడి వేగాన్నే వాడుకుని అతను వచ్చిన దిక్కుకే తిరిగిపోతాడు. ఇక కుడిపాదం వెలుపలి అంచుతో ఇచ్చే పాస్ సంగతి. 2022 ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో చెల్సీ చేతిలో మేము పోయామనుకున్న క్షణంలో, 36 ఏళ్ళ వయసులో, ముగ్గురు నలుగురి తలల మీదుగా వంపు తిప్పి రొడ్రిగో పాదం మీద పెట్టాడు. అది ఎడమపాదంతో కొట్టాల్సిన పాస్ అని ఎవరైనా చెబుతారు. కుడిపాదం వెలుపలి అంచుతో కొడితే బంతి ముందు దూరంగా వెళ్ళి తరువాత లోపలికి వంగుతుంది, రక్షకుడి అంచనా అక్కడే తప్పుతుంది. 2014 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చివరి ఘడియల్లో మా రామోస్ తలతో కొట్టిన గోల్‌కు కార్నర్ కొట్టింది కూడా ఇతనే. 2025లో వెళ్ళిపోయేనాటికి పదమూడేళ్ళలో ఆరు ఛాంపియన్స్ లీగ్‌లతో సహా 28 ట్రోఫీలు. మాడ్రిడ్ చరిత్రలో అన్ని ట్రోఫీలు ఇంకెవరికీ లేవు.

రాత్రి మ్యాచ్ (భీమవరం)

అందరూ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు కనుక ఎదురు మాట నేను చెప్పవలసి వస్తోంది.

మొదటిది, 2018 బాలన్ డోర్. దాని ముందు పదేళ్ళు మెస్సీ, రొనాల్డోలు తప్ప ఇంకెవరూ దాన్ని తాకలేదు. ఆ వరుసను తెంపింది మోద్రిచ్. అయితే ఆ ఏడాది ప్రపంచకప్ గెలిచింది ఫ్రాన్స్, ఫైనల్లో క్రొయేషియా 4-2తో ఓడింది. అందులో మోద్రిచ్ ప్రభావం పెద్దగా కనిపించలేదు. ఫ్రాన్స్ ఆటగాళ్ళు గ్రీజ్‌మన్ మూడో స్థానంలో, ఎంబాపే నాలుగో స్థానంలో ఎందుకు మిగిలారో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండోది ఇంకా గట్టిది. మనమంతా ప్రపంచకప్‌ల గురించే మాట్లాడుతున్నాము. యూరో మాట ఎవరూ ఎత్తరేం? 2008, 2012, 2016, 2021లో జరిగిన యూరో 2020, 2024: మోద్రిచ్ అయిదు యూరోలు ఆడాడు. అయిదింటిలోనూ క్రొయేషియా ఒక్క నాకౌట్ మ్యాచ్ కూడా గెలవలేదు. రెండుసార్లు గ్రూప్‌లోనే ఇంటికి పోయింది. పెనాల్టీల మాట ఎత్తారు గనుక గుర్తుచేస్తున్నాను: 2008లో వియన్నాలో టర్కీ మీద 119వ నిమిషంలో గోల్ వేసి గెలిచామనుకున్నారు, అదనపు సమయం చివరి క్షణంలో టర్కీ సమం చేసింది. షూటౌట్‌లో క్రొయేషియా తరఫున మొదటి కిక్ కొట్టింది మోద్రిచ్, బంతి గోల్ బయటికి పోయింది. ఎర్రనీరు గారు డెన్మార్క్ రాత్రి చూపిస్తే, నేను వియన్నా రాత్రి చూపిస్తున్నాను.

ఎర్రనీరు (రావులపాలెం)

వియన్నా ప్రస్తావన తెచ్చినందుకు కృతజ్ఞతలు. మీరు తెచ్చినది నా వాదానికే బలం, ఎలాగో చెబుతాను. ఆ 119వ నిమిషం గోల్‌కు బయటికి పోబోతున్న బంతిని గీత దగ్గర పట్టుకుని లోపలికి పంపింది కూడా ఇతనే. అప్పటికి వయసు ఇరవై రెండు. అంత కష్టపడి సంపాదించినది రెండు నిమిషాల్లో చేజారడం, వెంటనే మొదటి కిక్ తప్పడం ఒకే రాత్రి చూసినవాడు పదేళ్ళ తరువాత, ఆ డెన్మార్క్ మ్యాచ్ జరిగిన నీజ్నీ నోవ్‌గొరోద్‌లో, ఇంకొకటి తప్పాడు. షూటౌట్ జాబితాలో తన పేరు రాయించుకోకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఎంతోమంది పెద్ద ఆటగాళ్ళు అలాంటి చోట తొడ కండరం పట్టేసిందని పక్కకు తప్పుకోవడం మనం చూశాము. అతను తప్పుకోలేదు. వారం తిరగకముందే రష్యా మీద క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో మళ్ళీ కొట్టాడు. గోల్‌కీపర్ చేయి తగిలి, గోల్ స్తంభానికి తగిలి, బంతి లోపలికి పోయింది. ఆ కిక్ చూసినప్పుడు నా గుండె ఎక్కడుందో నాకే తెలియలేదు. 2022లో బ్రెజిల్ మీద షూటౌట్‌లో కొట్టాడు, 2023లో యూరప్ దేశాల మధ్య జరిగే నేషన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్ మీదా కొట్టాడు, ఆ ఫైనల్ జట్టు ఓడినా సరే.

2018 ఫైనల్లో మసకబారాడన్న మాట ఒప్పుకుంటాను. డెన్మార్క్, రష్యా, ఇంగ్లండ్: మూడు మ్యాచ్‌లు వరుసగా అదనపు సమయానికి వెళ్ళాయి. అంటే ఫ్రాన్స్ కంటే ఒక పూర్తి మ్యాచ్ ఎక్కువ ఆడి వచ్చారు.

పాలకొల్లు లెక్కలు

రాత్రి మ్యాచ్ గారి యూరో లెక్క సరైనదే, నేను సరిచూశాను. ఒక్కటి చేర్చాలి. 2024 జూన్‌లో లైప్‌జిగ్‌లో ఇటలీ మీద మోద్రిచ్ పెనాల్టీని గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఆపాడు. సరిగ్గా నిమిషం తిరిగేసరికి అదే మోద్రిచ్ గోల్ కొట్టాడు, యూరో చరిత్రలో అందరికంటే పెద్దవయసులో గోల్ కొట్టినవాడయ్యాడు. అప్పుడు అతనికి 38 ఏళ్ళు. 98వ నిమిషంలో ఇటలీ సమం చేసింది. ఆ ఒక్క గోల్‌తో క్రొయేషియా టోర్నీ ముగిసిపోయింది. గెలుపోటముల పట్టికలో ఈ మ్యాచ్ రాత్రి మ్యాచ్ గారి వైపే పడుతుంది, ఆ ఒక్క నిమిషం మాత్రం ఎర్రనీరు గారి వైపు. పట్టికలో నిమిషాలకు గడి లేదు, అంతే.

గుమాస్తా (రాజమహేంద్రవరం)

మైదానం లోపలి ధైర్యం గురించి చాలా చెప్పారు. మైదానం బయట జరిగినది కూడా చెప్పకపోతే ఇది చర్చ కాదు, భజన అవుతుంది.

దీనామో జాగ్రెబ్‌ను నడిపిన జ్ద్రావ్కో మామిచ్ మీద క్లబ్ సొమ్ము స్వాహా చేశాడన్న కేసు నడిచింది. టాటెన్‌హామ్ బదిలీలో మోద్రిచ్ వాటాగా వచ్చిన డబ్బులో పెద్ద భాగం మామిచ్ కుటుంబానికి చేరింది. దానికి ఆధారమైన ఒప్పందపు అనుబంధం ఎప్పుడు సంతకమైంది, బదిలీకి ముందా తరువాతా, అన్నదే కేసుకు ఆయువుపట్టు. దర్యాప్తులో ఒకలా చెప్పిన మోద్రిచ్, 2017 జూన్‌లో ఒసియెక్ కోర్టులో సాక్షిగా నిలబడి తనకు గుర్తులేదన్నాడు. దేశం మండిపడింది. చిన్నప్పుడు అతను శరణార్థిగా ఉన్న జాదర్ హోటల్ గోడ మీదే, లూకా, నీకు ఇది ఏదో ఒకరోజు గుర్తుకొస్తుంది అన్న అర్థంలో రాతలు రాశారు. 2018 మార్చిలో అబద్ధపు సాక్ష్యం కింద అభియోగం కూడా మోపారు. ప్రపంచకప్‌కు వెళ్ళింది ఆ అభియోగం నెత్తిమీద ఉండగానే. ఆ జూన్‌లోనే మామిచ్‌కు శిక్ష పడింది, అతను సరిహద్దు దాటి బోస్నియాలో కూర్చున్నాడు. మోద్రిచ్ మీది అభియోగాన్ని ఆ ఏడాది చివర్లోపే కోర్టు తోసిపుచ్చింది.

చట్టం దృష్టిలో అతను నిర్దోషి, అందులో నాకు సందేహం లేదు. నలభై ఏళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగినవాడిగా నా బాధ వేరు. పెనాల్టీ గుర్తుపెట్టుకుని మళ్ళీ నిలబడినవాడు, సాక్షి బోనులో కూడా అలాగే నిలబడి ఉంటే బాగుండేది.

రాత్రి మ్యాచ్ (భీమవరం)

గుమాస్తా గారు చెప్పినదానికి మాత్రం నేను అతని పక్షం వహిస్తాను. మామిచ్ లాంటివాడు ఇరవయ్యేళ్ళ దరిదాపుల్లో ఉన్న కుర్రవాడికి పదేళ్ళ ఒప్పందం, ఇంటికి డబ్బు, అమ్మానాన్నలకు నీడ చూపిస్తే, హోటల్ గదిలో పెరిగినవాడు దేని మీద సంతకం పెడుతున్నాడో చదివి చూస్తాడా? దీనామో ఒప్పందం డబ్బుతో అతను మొదట కొన్నది జాదర్‌లో కుటుంబానికి ఇల్లు. కోర్టులో చెప్పినదాన్ని నేను సమర్థించడం లేదు. ఉచ్చు ఎప్పుడు పడిందో చెబుతున్నాను.

గుమాస్తా (రాజమహేంద్రవరం)

ఇల్లు కొన్నప్పుడు అతనికి పద్దెనిమిదో ఇరవయ్యో. సాక్ష్యం చెప్పినప్పుడు ముప్పై ఒకటి, అప్పటికే దేశానికి కెప్టెన్. మీ కారణం మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి సరిపోదు.

పాత పీఈటీ (అమలాపురం)

మన దేశానికి దగ్గరగా రెండు మాటలు. తప్పిన పెనాల్టీల బరువు మన జట్టు మొదటి అడుగులోనే మోసింది. స్వతంత్ర భారత జట్టు 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు కెప్టెన్ డాక్టర్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండల మనిషి, వైద్యం చదివినవాడు. ఆయన కూడా మధ్యవరుసలో, ఆనాటి భాషలో హాఫ్‌బ్యాక్‌గా, ఆడినవారే. మనవాళ్ళలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడి ఫ్రాన్స్‌ను వణికించారు. రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ తప్పాయి, 2-1తో ఓడాము. ఆ రెండింటిలో ఒకటి పడి ఉంటే అన్న మాట మా మాస్టారు మాకు, నేను మా పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాము.

రెండోది, 2019 నుంచి 2024 వరకు భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్న ఇగోర్ స్టిమాచ్ 1998లో మూడో స్థానం తెచ్చిన క్రొయేషియా జట్టులో రక్షకుడు. 2012, 2013లో క్రొయేషియా శిక్షకుడిగా మోద్రిచ్‌ను ఆడించినవాడు కూడా. మోద్రిచ్‌ను ఆడించిన చేతుల్లోనే అయిదేళ్ళు మన జట్టు ఉంది. ఫలితం సంగతి ఇంకో చర్చలో చూద్దాం.

తెల్లచొక్కా (కాకినాడ)

ఆ చర్చ తెరవకండి మాస్టారూ, రాత్రంతా సాగుతుంది.

శివారు రైతు (నరసాపురం దగ్గర)

మీరందరూ రాసినది మనవడు చదివి వినిపించాడు. నిన్న రాత్రి ఆ డెన్మార్క్ ఆట మొత్తం అతని ఫోన్‌లో చూపించాడు. గెలుస్తారని ముందే తెలిసి చూసినా, మొదటి పెనాల్టీ ఆగిపోయినప్పుడు నా నోట "అయ్యో" అన్న మాట వచ్చింది.

తూము తలుపు ఒకసారి తప్పుగా ఎత్తి పది ఎకరాల నారు ముంచిన లస్కరును నేను చూశాను. మరునాడు ఉదయం మేమంతా తిడుతూ గట్టు మీద నిలబడి ఉండగా, అతను తలవంచుకుని వచ్చి అదే తలుపు మళ్ళీ పట్టుకున్నాడు. ఇంకెవరు పడతారండి? ఆ మనిషి మూడో కిక్‌కు నడిచివెళుతుంటే నాకు ఆ నడకే గుర్తుకొచ్చింది. గుమాస్తా గారి మాట కూడా విన్నాను, అదీ కొట్టిపారేయదగ్గది కాదు.

ఇప్పుడు ఇటలీలో మిలాన్‌కు ఆడుతున్నాడట, నలభై ఏళ్ళకు. ఈసారి అతని మ్యాచ్ రాత్రి ఎన్ని గంటలకో ఎవరైనా ముందుగా రాయండి. వచ్చే వారం మా బోదెకు నీటి వంతు అర్ధరాత్రి దాటాకే, ఎలాగూ మేలుకునే ఉంటాను.